హైన్‌రిష్ బార్త్ పద్ధతిలో, పర్లాకిమిడి నుంచి సోనపూర్ ఇసుక దాకా

ఎడారి అన్వేషకుడు అనగానే ఒంటెల బారు, ఇసుక తిన్నెలు కళ్ల ముందు కదులుతాయి. హైన్‌రిష్ బార్త్ (1821–1865) అనే జర్మన్ నిజంగానే సహారాను దాటాడు. 1850 మార్చిలో ట్రిపోలీలో బయలుదేరి, 1855 ఆగస్టులో తిరిగి అక్కడికే చేరాడు. అయినా ఆయన యాత్రాగ్రంథం ఐదు సంపుటాలు తిరగేస్తే ఇసుక గురించి ఉన్నది కొంచెమే. ఊళ్ల పేర్లు, ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎన్ని గంటలు, ఏ బావిలో నీళ్లు ఎలా ఉన్నాయి, సంతలో బట్ట ధర, ఒకే వస్తువుకు మూడు భాషల్లో మూడు మాటలు, ఇవే పేజీల నిండా కనిపిస్తాయి. మనిషి నేలను ఎలా తన ఊరుగా చేసుకుంటాడన్నది తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి ఇప్పటికీ లేదు.

ఆ పద్ధతిని చేతులతో నేర్చుకోవడానికి సహారా దాకా పోనక్కర్లేదు. తెలుగు, ఒడియా, కొండ ఆదివాసుల సవర భాష కలిసి బతికే ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల్లో ఐదు రోజులు చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సంచిలో ఉండాల్సినవి: దిక్సూచి, ముల్లు గడియారం, గళ్ల కాగితాల నోటుపుస్తకాలు రెండు, నాలుగు పెన్సిళ్లు (చెమటకీ మంచుకీ సిరా చెదిరిపోతుంది), 30 మీటర్ల టేపు, చిన్న స్ప్రింగు కాటా, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు, దోమతెర. కొండ గ్రామాల్లో మలేరియా ఇంకా ఉంది కాబట్టి దోమతెరను మాత్రం బరువు అనుకుని వదిలేయకూడదు.

మొదటి రోజు: నౌపడ – పర్లాకిమిడి

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి గుణుపూర్ పోయే రైలు ఎక్కాలి. పర్లాకిమిడి రాజు వేయించిన ఈ లైను 1900లో సన్నపట్టాలతో మొదలైంది, 1931లో గుణుపూర్ దాకా సాగింది. ఇప్పుడు పెద్ద పట్టాలే. టెక్కలి, పాతపట్నం దాటి మహేంద్రతనయ అవతలికి వెళ్తే ఒడిశా. స్టేషన్ బోర్డు మారుతుంది, బయట వినిపించే మాట మాత్రం మారదు.

పని ఇక్కడి నుంచే మొదలు. నోటుపుస్తకంలో పేజీకి ఐదు నిలువు గళ్లు గీయాలి: వేళ, దిక్కు, ఏమి కనిపించింది, పేరు, ఆ పేరు ఎవరు చెప్పారు. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. అది ఖాళీగా ఉంటే ఆ పేరు పది రోజుల తర్వాత ఎందుకూ పనికిరాదు. రైల్లో కూర్చుని దిక్సూచి చూడకూడదు, పెట్టె ఇనుముకి ముల్లు పక్కకి లాగుతుంది. ఇనుప వంతెన మీద, మోటారు సైకిలు పక్కన, ఫోను జేబులో ఉన్నప్పుడూ ఇదే జరుగుతుంది.

పేర్ల దగ్గర చిక్కు ఎక్కడుందో పర్లాకిమిడి పేరులోనే తెలుస్తుంది. ఒడియాలో పారళాఖెముండి. మనకున్నట్టే వాళ్లకీ ళ ఉంది. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి పోగానే లకీ ళకీ తేడా చెరిగిపోతుంది, ఆ ఇంగ్లీషు చూసి తిరిగి తెలుగులో రాసినప్పుడు మూడో పేరు పుడుతుంది. ఒడియాలో అకారం ఒకారంలా పలుకుతుంది కాబట్టి, మన వంశధార వాళ్ల నోట మరోలా వినిపిస్తుంది. అందుకే పేరును మ్యాపు చూసి రాయకూడదు, చెవితో విని రాయాలి. ఒక్కో పేరుకు తెలుగువాళ్లు పలికేది, ఒడియావాళ్లు పలికేది, బోర్డు మీదున్నది, మూడూ పక్కపక్కనే ఉండాలి.

సాయంత్రం ఊరు చూడటానికి గంట చాలు. రాజావారి కోట, నది ఒడ్డు. ఆ ఊరిని తలుచుకోవాల్సిన కారణం కోట కన్నా పెద్దది. గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఇక్కడ బడిపంతులుగా చేరారు. సంతకి దిగే సవరల మాట విని, తెలుగు వచ్చిన ఒక సవరను పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. భాషను చెవితో పట్టుకున్న మనిషికి చెవులే పోయాయి. అయినా ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మధ్యలో 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, ఒప్పుకోలేక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు.

రెండో రోజు: గుమ్మ వైపు సవర ఊళ్లు

ఈ రోజుకే ఎక్కువ సమయం ఉంచుకోవాలి. పర్లాకిమిడి నుంచి గుమ్మ వైపు జీపులు, బస్సులు దొరుకుతాయి. ఊరు చేరగానే ముందు ఊరిపెద్దను కలిసి, వచ్చిన పని చెప్పి, సరేనన్నాకే పుస్తకం తెరవాలి. సంతరోజు పొద్దున వెళ్తే ఊళ్లో ఎవరూ ఉండరు.

బార్త్ భాషలు నేర్చుకున్న తీరు వినదగ్గది. హాంబర్గ్‌లో పుట్టాడు, బెర్లిన్‌లో చదివాడు, భూగోళ శాస్త్రం కార్ల్ రిట్టర్ దగ్గర నేర్చుకున్నాడు. అరబ్బీ ముందే వచ్చు. దారిలో హౌసా, కనూరి లాంటి భాషలు కూడా వెంట నడిచేవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. 1862 నుంచి 1866 దాకా అచ్చయిన ఆయన పదసంకలనంలో మధ్య ఆఫ్రికా భాషలు తొమ్మిది ఉన్నాయి. బానిసత్వం నుంచి విడుదలైన దోరుగు, అబ్బేగా అనే ఇద్దరు కుర్రాళ్లను ఆయన తనతో ఐరోపా తీసుకెళ్లాడు. దోరుగు చెప్పిన సొంత కథను షోన్ అనే మిషనరీ హౌసా భాషలోనే అచ్చు వేయించాడు. మాట చెప్పినవాడి పేరు కూడా నిలిచింది, ఆ కాలంలో అది చిన్న విషయం కాదు.

మాటల పట్టీకి మొదటి రోజు 100 మాటలు మించి పెట్టుకోవద్దు. ఒంటి భాగాలు, చుట్టరికాలు, నీళ్లు, నిప్పు, ధాన్యాలు, చెట్లు, అంకెలు, రోజులో వేళలు. ఒక్కో మాట మూడుసార్లు వినాలి: మొదటిసారి వినడానికి, రెండోసారి రాయడానికి, మూడోసారి రాసింది మనం చదివితే వాళ్లు నవ్వుతారో లేదో చూడటానికి. నవ్వితే తప్పు రాశామన్నమాట.

తప్పులు ఎక్కడ పుడతాయో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. వేలితో చూపించి అడిగితే మోకాలు చూపినప్పుడు "కాలు" అని, చెయ్యి చూపినప్పుడు "నా చెయ్యి" అని, ఒక్కోసారి "వేలు" అని కూడా జవాబు వస్తుంది. సవరలో నామవాచకం విడిగా పలికినప్పుడు చివర "అన్" చేరుతుంది, సమాసంలోకి పోతే ఆ తోక ఊడి మాట పొట్టిదవుతుంది. అందుకని ప్రతి మాటనీ విడిగా ఒకసారి, చిన్న వాక్యంలో ఒకసారి అడగాలి. నీళ్లకు వాళ్లు చెప్పే "డా’అన్"లో రెండు అచ్చుల మధ్య గొంతు చటుక్కున మూసుకుంటుంది. ఆ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. ఏదో ఒక గుర్తు పెట్టుకుని మొదటి పేజీలోనే దాని అర్థం రాసుకోవాలి. గిడుగువారు పుస్తకం అట్ట మీద భాష పేరులోనే దీర్ఘాలకు విసర్గలాంటి జంట చుక్కలు వాడారు, అంత పట్టింపు ఆయనది.

అంకెలు అడిగితే పది దగ్గర ఆగిపోవడం అందరూ చేసే పొరపాటు. అబోయ్, బాగు, యాగి అంటూ సాగే సవర లెక్క పది దాటినా మెలిక తిరగదు, పన్నెండు దాటాకే తిరుగుతుంది. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి. పందొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. ఇరవై దగ్గర కొత్త గుత్తి మొదలవుతుంది కాబట్టి ముప్ఫై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. నలభై దాకా అడిగినవాళ్లకే ఈ అందం చేతికి చిక్కుతుంది.

పేర్లు అడిగేటప్పుడు ప్రశ్నలో జవాబు పెట్టకూడదు. ఇక్కడ వాగును గెడ్డ అంటారు. "ఈ గెడ్డ పేరు ఫలానా కదమ్మా?" అంటే మర్యాదకి "అవును బావు" అంటారు. "ఈ గెడ్డని మీరేటంతారమ్మా?" అని అడగాలి. అప్పుడు కూడా వచ్చిన జవాబు ఆ భాషలో ఉత్త "గెడ్డ" అనే మాటే కావచ్చు. లోకంలో ఇలా నిలిచిపోయిన పేర్లు చాలా ఉన్నాయి. చాద్ సరస్సులో చాద్ అంటే పెద్ద నీటిపట్టు అనే అర్థం. 1851 జూన్‌లో యోలా దగ్గర బార్త్ చూసిన బెనూయే నది పేరుకు "నీళ్ల తల్లి" అని ఆయనే అర్థం రాసి పెట్టాడు. అర్థం రాయడం వల్లే అది పేరో, మామూలు మాటో తెలిసింది.

కొన్ని ఇళ్లలో గోడ మీద ఎర్రమట్టి పూత, దాని మీద తెల్లటి గీతల్లో మనుషులు, ఏనుగులు, సూర్యచంద్రులు ఉంటాయి. అది ఇడితాల్. కొలుపు కోసం రాసింది, అలంకారం కోసం కాదు. అడగకుండా ఫోటో తీయడం తప్పు. బొమ్మలో ఏమున్నాయో రాసుకున్నట్టే ఏమి లేవో కూడా రాసుకోవాలి. 1850 జూలైలో సహారాలోని ఫెజ్జాన్ ప్రాంతంలో రాతి మీద చెక్కిన బొమ్మలు చూసినప్పుడు బార్త్ గమనించింది అదే: ఎద్దులు ఉన్నాయి, ఒంటె లేదు. ఒంటె రాకముందు అక్కడ పశువులు మేసేవనే ఆలోచనకు అది దారి చూపింది. ఇక్కడ కొత్త ఇడితాల్‌లలో సైకిలు, రైలు కూడా కనిపిస్తాయి, బొమ్మ వయసు పట్టుకోవడానికి అవి ఆనవాళ్లు.

మూడో రోజు: మహేంద్రగిరి

1501 మీటర్ల కొండ. కొయిన్‌పూర్ వైపు నుంచి దారి ఉంది. చీకటితోనే బయలుదేరాలి, నడిచేది ఎంతైనా మధ్యాహ్నం పన్నెండుకు వెనక్కి తిరగాలి. శిఖరం రెండు ఫర్లాంగుల దూరంలో కనిపిస్తున్నా సరే. చలికాలం పొద్దు కొండ వెనక్కి తొందరగా జారుతుంది, మంచు కమ్మితే పది గజాల అవతల దారి కనబడదు.

ఈ నియమం వెనక బార్త్ దాదాపు ప్రాణం పోగొట్టుకున్న ఘటన ఉంది. 1850 జూలైలో సహారాలోని ఘాత్ ఊరి దగ్గర ఇదినెన్ అనే కొండ ఎక్కాలని ఆయన, తోటివాడు ఓవర్‌వెగ్ బయలుదేరారు. భూతాల కోట అని వెంట రావడానికి స్థానికులు ఒప్పుకోలేదు. కొండ దగ్గరగా కనిపించింది, తీరా దూరం ఎక్కువ. చిన్న తోలుతిత్తిలో నీళ్లు, తినడానికి ఎండు బిస్కెట్లు, ఖర్జూరం. దాహంలో తినకూడనివి అవే. దిగేటప్పుడు ఇద్దరూ విడిపోయారు. బార్త్ పిస్తోలు పేల్చాడు, జవాబు లేదు. ఎండకు కదలలేక చెట్టు కింద పడిపోయి, చివరికి తన చేతినే కొరికి రక్తం చప్పరించాడు. మర్నాడు ఒక తువారెగ్ (సహారా సంచార తెగ) మనిషి ఒంటె మీద వెతుక్కుంటూ వచ్చి నీళ్లు పోసి బతికించాడు.

ఇందులో ఒక్కో తప్పుకు ఒక్కో జాగ్రత్త. దారి తెలిసిన మనిషి లేకుండా ఎక్కకూడదు, భయంతో రానన్నా ఆ భయానికి కారణం అడగాలి, చాలాసార్లు దాని వెనక నీళ్ల ఎద్దడో జారుడు రాళ్లో ఉంటాయి. నాలుగు లీటర్లలో సగం పైకి, సగం కిందికి. తిండికి అటుకులు, మిక్చరు వద్దు, చద్దన్నంలో పెరుగు, ఉప్పు కలిపి కట్టుకుంటే తిండిలోనే నీళ్లు ఉంటాయి. ఇద్దరు ఎక్కితే ఇద్దరూ ఒకరికొకరు కూతవేటు దూరంలోనే ఉండాలి.

కూతవేటు అనేదాన్ని కూడా కొలవచ్చు. కొండ మీద ఊరివాళ్లు దూరం చెప్పేది కిలోమీటర్లలో కాదు: కూతవేటు, క్రోసెడు, "బారెడు పొద్దెక్కేసరికి పోతాం". మొదటిరోజే ఇవి మన గడియారానికి ఎంతో చూసుకోవాలి. ఒకే దారిని ఇద్దరి దగ్గర విడివిడిగా అడగాలి, వెళ్లే వరసలో ఒకసారి, తిరిగొచ్చే వరసలో ఒకసారి. మధ్యలో ఒక ఊరు ఒకరి మాటలో ఉండి మరొకరి మాటలో లేకపోతే అక్కడ రెండు దారులున్నాయని అర్థం. బార్త్ తాను చూడని ప్రాంతాలకు కూడా బాటసారులు చెప్పిన దారుల పట్టీలు ఒకదానితో ఒకటి పోల్చి రాశాడు. మ్యాపుల నిపుణుడు పీటర్మన్ ఆయన మ్యాపులు గీసింది ఇలాంటి లెక్కల మీదే.

పైన భీముడి గుడి, కుంతి గుడి, యుధిష్ఠిరుడి గుడి. రాజేంద్రచోళుడి కాలం శాసనం కూడా ఉంది, పులి, రెండు చేపల గుర్తులతో. శాసనాన్ని చూసి రాసుకోవాలి, రాతి మీద సుద్ద రుద్దకూడదు. ఎవరిదో ఎప్పటిదో అక్కడే తేల్చేయకూడదు. పడమటి ఆఫ్రికాలోని గ్వాందూలో 1853లో బార్త్ అక్కడి సూడాన్ ప్రాంతపు (నేటి సూడాన్ దేశం కాదు) చరిత్ర రాతప్రతి చూసి ముఖ్యభాగాలు కాపీ చేసుకున్నాడు, రాసినవాడు అహ్మద్ బాబా అని అనుకున్నాడు. అసలు రచయిత అల్ సాదీ అని తర్వాతివాళ్లు తేల్చారు. కాపీ శుభ్రంగా ఉంది కాబట్టే పొరపాటు దిద్దుకోవడానికి వీలైంది.

నాలుగో రోజు: బరంపురం బజారు

ఎక్కువ భాగం బస్సులోనే పోతుంది. బరంపురం చేరాక సాయంత్రం బజారుకు వెళ్లాలి. పట్టుచీరల వీధులు, అప్పడాలు, పచ్చళ్లు, కొట్లలో తెలుగూ ఒడియా ఒకే వాక్యంలో కలిసి వినిపిస్తాయి.

బార్త్ పుస్తకంలో అందరూ చదవాల్సిన భాగం 1851లో పడమటి ఆఫ్రికాలో ఆయన చూసిన కానో నగరపు బజారు. అద్దకం బట్ట ఎక్కడెక్కడికి పోతుందో, తోలు, కోలాకాయలు, ఉప్పు ఎక్కడి నుంచి వస్తాయో లెక్కలు కట్టాడు. బట్ట ఎగుమతి ఏడాదికి కనీసం 30 కోట్ల గవ్వలని, 2500 గవ్వలు ఒక డాలరని, 50 వేల నుంచి 60 వేల గవ్వలతో ఒక కుటుంబం ఏడాదంతా సుఖంగా బతుకుతుందని రాశాడు. ఈ మూడో లెక్క లేకపోతే మొదటి రెండూ ఉత్త అంకెలే. గవ్వలు మనకూ కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదలు దాకా ఒడిశాలో కౌడీలే చిల్లర, మాల్దీవుల గవ్వలే ఇక్కడికీ పడమటి ఆఫ్రికాకీ పోయేవి. "చిల్లిగవ్వ లేదు" అని మనం ఇప్పటికీ అంటూనే ఉన్నాం.

ధర రాసేటప్పుడు కొలత కూడా రాయాలి. పల్లె సంతలో తవ్వ, సోల, కుంచం ఊరూరికీ తేడాగా ఉంటాయి. ఆ కొలతతో బియ్యం కొని, సంచిలో పోసి స్ప్రింగు కాటాకు తగిలించి గ్రాములు రాసుకోవాలి. తలగొట్టి కొలిచారా, కుప్పగా కొలిచారా అన్నది కూడా, ఎందుకంటే రెండింటికీ తేడా పెద్దదే. వేళ కూడా రాయాలి, పొద్దున్న కూరగాయల ధర సాయంత్రం ఉండదు. ఏదీ కొనకుండా ధరలు అడుగుతూ తిరిగితే జవాబులు చెడిపోతాయి. బార్త్ సంచిలో సూదులు ఉండేవి, చిన్న కానుకలకు అవి తేలిక, అందరికీ అవసరం. ఇప్పటికీ ఒక సూదుల పొట్లం, దారపు ఉండ మంచి కానుకలే.

ఐదో రోజు: సోనపూర్ ఇసుక

బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర సోనపూర్ తీరం. పడవల దగ్గర తెలుగు మాట్లాడే జాలర్లు. ఒడియావాళ్లు వాళ్లను నోళియాలు అంటారు. వాళ్లను వాళ్లు ఏమంటారో అడిగి, రెండు మాటలూ వేరువేరు గళ్లలో రాయాలి. పక్కవాళ్లు పెట్టిన పేరు, తాము చెప్పుకునే పేరు ఒకటి కాకపోవడం ఎడారిలోనూ మామూలే, తువారెగ్ అన్నది కూడా బయటివాళ్లు పెట్టిన పేరే.

ఇక్కడ చేయాల్సింది అడుగుల లెక్కతో దారి గీయడం. ముందు టేపుతో 90 మీటర్లు కొలిచి, గట్టినేల మీద ఒకసారి, పొడి ఇసుకలో ఒకసారి నడిచి అడుగులు లెక్కించాలి. గట్టినేల మీద 125–130 పడితే పొడి ఇసుకలో 160 దాటొచ్చు. కాలు వెనక్కి జారడం వల్ల అలా అవుతుంది. ఒకే లెక్క రెండింటికీ వాడితే దారి పొడవు నాలుగో వంతు దాకా తప్పుతుంది. అల తడిపిన గట్టి ఇసుక మీద నడక తేలిక, కానీ పోటు వచ్చేటప్పుడు ఆ పట్టీ మాయమవుతుంది, ఎప్పుడన్నది జాలర్లనే అడగాలి.

దిక్సూచిని కంటికెదురుగా పట్టి, దూరంగా ఒక సరుగుడు చెట్టో పడవ కొమ్మో చూసుకుని, డిగ్రీలు రాసుకుని అక్కడి దాకా నడవాలి. చేరాక వెనక్కి తిరిగి బయలుదేరిన చోటు చూస్తే సరిగ్గా 180 డిగ్రీల తేడా రావాలి. రెండు డిగ్రీలు మించితే మళ్లీ చూడాలి. ఒక్క డిగ్రీ తప్పితే కిలోమీటరుకు పదిహేడు మీటర్లు పక్కకి పోతాం, ఐదు తప్పితే ఎనభై ఏడు. రెండు కిలోమీటర్లు పోయి, లోపలి తిన్నెల మీదుగా మరో దారిలో తిరిగొచ్చి కాగితం మీద గీస్తే, గీత మొదలైన చోటే ముగియాలి. ముగియదు. ఆ ఎడం మొత్తం దూరంలో ఇరవయ్యో వంతు లోపుంటే మొదటిసారికి బాగానే చేసినట్టు. నక్షత్రాల లెక్కల్లో బార్త్ అంత దిట్ట కాడు, ఆ పని ఓవర్‌వెగ్‌ది. 1852 సెప్టెంబరులో చాద్ ఒడ్డున ఓవర్‌వెగ్ చనిపోయాక బార్త్‌కు మిగిలింది గడియారం, దిక్సూచి, ఇలాంటి రోజువారీ లెక్కలే. జట్టు నాయకుడు రిచర్డ్‌సన్ అంతకు ముందేడాదే పోయాడు. ఒక్కడే టింబక్టూ చేరాడు, 1853 సెప్టెంబరు 7న, అబ్దుల్ కరీం అనే పేరుతో. అక్కడ ఆయన ప్రాణం కాపాడింది షేక్ అహ్మద్ అల్ బక్కాయ్ ఇచ్చిన అభయం.

తిన్నెల దగ్గర ఒక మాట. ఊరే ఇసుకకు గాలి వచ్చే వైపు ఏటవాలు, అవతలి వైపు జారుడు. పొడి ఇసుక 32–34 డిగ్రీల కన్నా నిటారుగా నిలవదు. ఇక్కడ బాలబంద తీగ, సరుగుడు, మొగలి వేళ్లు పట్టుకోవడం వల్ల చాలా తిన్నెలకు ఆ జారుడు ముఖమే ఉండదు. తీగను తొక్కి చంపిన బాటలోనే గాలి ఇసుకను తవ్వుతుంది. ఏ తిన్నె మీద బాట ఉందో, అది ఎక్కడికి పోతుందో కూడా పుస్తకంలోకి ఎక్కించాలి, మనిషి అడుగు పడిన ఆ గుంట కూడా మ్యాపులో భాగమే.

చీకటి పడ్డాక ఇచ్ఛాపురం చేరి ఆ రాత్రే పెన్సిలు రాతను శుభ్రమైన పుస్తకంలోకి ఎత్తాలి. రోజు దాటితే సొంత అక్షరాలే అర్థం కావు. బార్త్ లండన్ చేరాక 1857, 1858ల్లో ఐదు సంపుటాలు తెచ్చాడు. అన్ని వివరాలెందుకని అప్పటి పాఠకులు విసుక్కున్నారు, పుస్తకం అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. నలభై నాలుగేళ్లకే, 1865 నవంబరు 25న బెర్లిన్‌లో పోయాడు. ఆ ప్రాంతాల చరిత్ర రాసేవాళ్లు ఈనాటికీ ముందు తెరిచేది ఆ విసుగు పుట్టించిన పేజీలనే.

శుభ్రప్రతి రెండు కాపీలు తీయాలి. రెండోది గుమ్మ వైపు మాటలు చెప్పిన ఇంటికి పోస్టులో పంపాలి, మొదటి పేజీలో, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల పేరుతో, గొంతు మూసుకునే శబ్దానికి పెట్టుకున్న గుర్తు వివరంతో, తప్పులు దిద్ది పంపడానికి కుడివైపు ఒక గడి ఖాళీగా వదిలి.